పోయిందనుకున్న సాఫ్ట్‌వేర్ మళ్ళీ పలకరిస్తే: ఉచిత అన్‌ఇన్‌స్టాలర్లలో ఏది, ఎప్పుడు

ఒక వీడియో ఎడిటర్‌ని తీసేసి నెల దాటింది. ఒకరోజు ఏదో టైప్ చేసుకుంటుంటే స్క్రీన్ మూల నుంచి చిన్న పెట్టె పైకి లేచింది: "మీ ట్రయల్ ముగిసింది, ఇప్పుడే అప్‌గ్రేడ్ చేసుకోండి." చూస్తే ఆ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో లేదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో దాని ఫోల్డర్ లేదు. స్టార్ట్ మెనూలో పేరు కూడా లేదు. చివరికి టాస్క్ షెడ్యూలర్ (విండోస్ తనంతట తాను వేళకి చేసే పనుల పట్టిక) తెరిస్తే దొరికింది దొంగ. రోజుకోసారి లేచే అప్‌డేటర్ ఒకటి, ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో కూర్చున్న ఒక చిన్న ఎగ్జీ ఫైల్‌ని నడిపిస్తోంది. తీసేయడానికి రెండు నిమిషాలు పట్టింది, వెతకడానికి గంట.

అప్పటినుంచి ఈ అన్‌ఇన్‌స్టాలర్ టూల్స్ మీద నాకు కొంచెం పిచ్చి పట్టింది. ఉచితంగా దొరికేవి చాలావరకు వాడి చూశాను. "వీటిలో ఏది బెస్ట్?" అని ఎవరైనా అడిగితే మాత్రం ఒక్క పేరు చెప్పి ఊరుకోలేను. ప్రోగ్రామ్ ఎలా మొండికేసిందన్నదాన్ని బట్టి టూల్ మారుతుంది. మామూలుగా పోయేదానికి ఒకటి, అన్‌ఇన్‌స్టాల్ నొక్కగానే ఎర్రర్ ఇచ్చేదానికి ఒకటి, ముప్ఫై ప్రోగ్రామ్‌లు ఒకేసారి పోవాలంటే ఇంకొకటి. కొన్నింటి జోలికి ఈ టూల్స్‌తో అసలు వెళ్ళకూడదు.

అసలు ఏం మిగులుతుంది

మనం ఎగ్జీ ఫైల్‌తో ఇన్‌స్టాల్ చేసిన మామూలు ప్రోగ్రామ్‌ని విండోస్ స్వయంగా తీసేయదు. విండోస్, ప్రోగ్రామ్‌లు తమ సెట్టింగ్స్ రాసుకునే పెద్ద పుస్తకం లాంటిది రిజిస్ట్రీ. అందులో అన్‌ఇన్‌స్టాల్ అనే కీ, అంటే ఒక విభాగం, ఉంది. ఒక్కో ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు అందులో తన పేరు, కంపెనీ, వెర్షన్ రాసుకుంటుంది. వాటితోపాటు "నన్ను తీసేయాలంటే ఈ ఫైల్‌ని నడపండి" అని ఒక లైన్ కూడా. మీరు సెట్టింగ్స్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే విండోస్ చేసేది ఆ లైన్‌ని నడపడమే. మిగతా పనంతా ఆ ప్రోగ్రామ్ తనతో తెచ్చుకున్న అన్‌ఇన్‌స్టాలర్‌ది. అంటే ఏం తీసుకెళ్ళాలి, ఏం వదిలేయాలి అన్నది ఆ కంపెనీ ఇష్టం. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్ళలో కొందరు తుడిచి మరీ తాళం ఇస్తారు, కొందరు గోడలకి మేకులు వదిలేసి పోతారు.

వదిలేసేవాటిలో అన్నీ చెడ్డవి కావు. యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా అని దాగి ఉండే ఫోల్డర్‌లో మీ సెట్టింగ్స్, ప్రాజెక్ట్‌లు, గేమ్ సేవ్‌లు ఉంటాయి. రేపు మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే పనికొస్తాయని కావాలనే ఉంచుతారు. రిజిస్ట్రీలో మిగిలిన నాలుగు ఎంట్రీలు కిలోబైట్లలో ఉంటాయి, వాటివల్ల కంప్యూటర్ నెమ్మదించదు. నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే: కంప్యూటర్ ఆన్ కాగానే లేచే స్టార్టప్ ఎంట్రీలు, వెనక నడిచే సర్వీసులు, షెడ్యూల్ చేసిన పనులు, డ్రైవర్లు, రైట్ క్లిక్ చేస్తే మెనూలో కనబడే చచ్చిన పేర్లు. ఇక డిస్క్‌లో జాగా తినేవి ఎక్కువగా యాప్‌డేటాలోని క్యాష్ (తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్ళ) ఫోల్డర్లే.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, చాలామంది ఈ టూల్స్ వాడేది స్పీడ్ కోసం. తీసేసిన ప్రోగ్రామ్ తాలూకు రిజిస్ట్రీ ఎంట్రీలు ఐదొందలు తుడిచినా స్పీడ్‌లో తేడా మీకు తెలియదు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సపోర్ట్ చేయమని మైక్రోసాఫ్ట్ కూడా తన పాలసీలో రాసుకుంది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, వాటితో విండోస్‌నే పాడుచేసుకున్నవాళ్ళున్నారు. అన్‌ఇన్‌స్టాలర్ వేరు, రిజిస్ట్రీ క్లీనర్ వేరు. ఒకటి ఫలానా ప్రోగ్రామ్ వదిలిన ముక్కల్ని వెతుకుతుంది. రెండోది మొత్తం రిజిస్ట్రీని జల్లెడ పడుతుంది. ఈ రెండో పని చేసే బటన్ ఏ టూల్‌లో కనబడినా దాన్ని ముట్టుకోకండి.

ఇంకో మాట. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లకి ఈ తతంగం పెద్దగా అక్కర్లేదు. వాటి డేటాని విండోస్ విడిగా ఒక గదిలో పెట్టినట్టు ఉంచుతుంది కాబట్టి తీసేస్తే దాదాపు శుభ్రంగా పోతాయి.

టూల్ ఎలా వెతుకుతుందో తెలిస్తేనే దాన్ని నమ్మాలో లేదో తెలుస్తుంది

ఈ టూల్స్ అన్నీ చేసే పని ఇంచుమించు ఒకటే. ముందు ప్రోగ్రామ్ సొంత అన్‌ఇన్‌స్టాలర్‌ని నడిపిస్తాయి. అది ముగిశాక ప్రోగ్రామ్ పేరు, కంపెనీ పేరు, అది ఉన్న ఫోల్డర్ దారి పట్టుకుని డిస్క్‌లో, రిజిస్ట్రీలో గాలిస్తాయి. దొరికినవి జాబితాగా చూపించి "ఇవి తీసేయమంటారా?" అని అడుగుతాయి. అంటే ఇందులో సగం ఊహ. పేరు కలిసింది కాబట్టి దానిదే అయ్యుంటుందని ఊహ.

ఆ ఊహ తప్పితే ఏమవుతుందో నేను అనుభవించాను. ఒకే కంపెనీవి రెండు ప్రోగ్రామ్‌లు ఉండేవి, ఒకటి పీడీఎఫ్ ఎడిటర్, ఇంకొకటి స్కానింగ్‌కి వాడేది. పీడీఎఫ్ ఎడిటర్ తీసేస్తూ స్కాన్‌ని బాగా లోతుగా పెట్టాను. ఓ వంద లైన్ల జాబితా వచ్చింది. చదివే ఓపిక లేక సెలెక్ట్ ఆల్, డిలీట్. మర్నాడు స్కానింగ్ ప్రోగ్రామ్ తెరిస్తే "లైసెన్స్ దొరకలేదు" అంది. ప్రోగ్రామ్‌డేటాలో ఆ కంపెనీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో రెండింటి లైసెన్సులూ కలిసి ఉన్నాయట. పాత మెయిళ్ళలో లైసెన్స్ కీ వెతుక్కోవడానికి ఆ పూటంతా పోయింది. తప్పు టూల్‌ది అనలేను. అది అడిగింది, నేను చదవకుండా సరేనన్నాను.

అందుకే ఈ టూల్స్‌ని పోల్చేటప్పుడు నేను చూసేది ఎంత ఎక్కువ చెత్త పట్టుకుంటుందన్నది కాదు. పట్టుకున్నదాన్ని ఎంత స్పష్టంగా చూపిస్తుంది, నమ్మకం లేనిచోట లేదని చెబుతుందా, పొరపాటు జరిగితే వెనక్కి రావడానికి దారి ఉంచుతుందా, ఇవే చూస్తాను. "మా టూల్ 300 ఎక్కువ కనిపెట్టింది" అని ఎవరైనా గొప్ప చెప్పుకుంటే ఆ 300లో పక్కవాడివి ఎన్ని అని అడగాలి.

రెవో అన్‌ఇన్‌స్టాలర్: ఇంట్లో వాడుకోవడానికి

ఒకే కంప్యూటర్, నెలకి ఒకటో రెండో ప్రోగ్రామ్‌లు తీసేసే అవసరం, అంతకుముందు ఇలాంటివి వాడలేదు. ఇదే మీ పరిస్థితి అయితే నేను చెప్పేది రెవో. ఉచిత వెర్షన్, డబ్బు కట్టాల్సిన ప్రో వెర్షన్ రెండూ ఉన్నాయి. ఉచితంలోనే ఇన్‌స్టాల్ అక్కర్లేని పోర్టబుల్ కాపీ కూడా దొరుకుతుంది.

ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ అనగానే రెవో ముందు ఒక రిస్టోర్ పాయింట్ (ఏదైనా పాడైతే విండోస్‌ని వెనక్కి తెచ్చుకోవడానికి గుర్తు) పెడుతుంది, తర్వాత ప్రోగ్రామ్ సొంత అన్‌ఇన్‌స్టాలర్‌ని పిలుస్తుంది. ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. ప్రోగ్రామ్ అన్‌ఇన్‌స్టాలర్ చివర్లో "ఇప్పుడే రీస్టార్ట్ చేయాలా?" అని అడుగుతుంది, అలవాటుగా ఎస్ కొట్టేస్తారు. అప్పుడు రెవో స్కాన్ సగంలోనే పోతుంది. నో అనండి. స్కాన్ ముగించి, తీసేయాల్సినవి తీసేసి, ఆ తర్వాత రీస్టార్ట్ చేయండి.

స్కాన్‌కి మూడు స్థాయులు: సేఫ్, మోడరేట్, అడ్వాన్స్‌డ్. నేను మోడరేట్ దాటను. అడ్వాన్స్‌డ్‌లో దొరికేవాటిని ఒక్కొక్కటి చదివి తేల్చుకోగలిగినవాళ్ళకి సాధారణంగా ఈ టూలే అక్కర్లేదు.

స్కాన్ అయ్యాక రిజిస్ట్రీ జాబితా చెట్టులా తెరుచుకుంటుంది. కొమ్మలన్నీ కనబడతాయి కానీ కొన్ని పేర్లు మాత్రమే బోల్డ్ అక్షరాల్లో ఉంటాయి. బోల్డ్‌లో ఉన్నవే రెవో తీసేయమంటున్నవి. మామూలు అక్షరాల్లో ఉన్నవి ఆ చోటికి దారి చూపించడానికే ఉన్నాయి. ఈ ఒక్క సంగతి తెలియక "అమ్మో, రిజిస్ట్రీలో సాఫ్ట్‌వేర్ అనే విభాగం మొత్తం చూపిస్తోందే" అని టెన్షన్ పడి సగంలో మూసేసినవాళ్ళని చూశాను. బోల్డ్ లైన్ చూడండి, దాని పైన ఉన్న దారి చదవండి. ఆ దారిలో మీరు తీసేస్తున్న ప్రోగ్రామ్ పేరు ఉంటే టిక్ పెట్టండి. ఒట్టి కంపెనీ పేరే ఉండి, ఆ కంపెనీది ఇంకో ప్రోగ్రామ్ మీ దగ్గర ఉంటే వదిలేయండి. తర్వాత వచ్చే ఫైళ్ళ జాబితాకీ ఇదే లెక్క.

రెవోలో నాకు బాగా నచ్చింది హంటర్ మోడ్. స్క్రీన్ మీద గురి చూసే గుర్తు ఒకటి వస్తుంది. దాన్ని లాక్కెళ్ళి ఏ కిటికీ మీద వదిలితే అది ఏ ప్రోగ్రామ్‌దో పట్టిస్తుంది, అక్కడినుంచే అన్‌ఇన్‌స్టాల్ చేయొచ్చు. "ఈ పెట్టె ఎక్కడినుంచి వస్తోందిరా బాబూ" అనుకునే సందర్భాలకి ఇంతకన్నా సులువైనది లేదు. నా వీడియో ఎడిటర్ పెట్టె లేచిన రోజు ఇది తెలిసి ఉంటే గంట మిగిలేది.

లోటు ఏంటంటే, జాబితాలో పేరే లేని ప్రోగ్రామ్‌ని బలవంతంగా తీసే ఫోర్స్‌డ్ అన్‌ఇన్‌స్టాల్, ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడే గమనిస్తూ రాసిపెట్టుకునే మానిటర్, ఈ రెండూ ప్రో వెర్షన్‌లోనే ఉన్నాయి. జాబితాలో పేరుండి అన్‌ఇన్‌స్టాలర్ మాత్రం పాడైతే ఉచిత రెవో ఫరవాలేదు, అది ఫెయిలైనా స్కాన్‌కి ముందుకెళ్ళనిస్తుంది. పేరు కూడా లేకపోతే ఆగిపోతారు.

గీక్ అన్‌ఇన్‌స్టాలర్: పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉండాలి

ఒకే ఒక్క ఫైల్, కొన్ని ఎంబీలు. ఇన్‌స్టాల్ లేదు, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది. సొంత వాడకానికి ఉచితం. తెరవగానే ప్రోగ్రామ్‌ల జాబితా తప్ప ఇంకేమీ కనబడదు, అదే దీని అందం. బంధువులో స్నేహితులో "నా కంప్యూటర్ ఒకసారి చూడు" అని పిలిచినప్పుడు నేను తీసుకెళ్ళేది ఇదే. వాళ్ళ కంప్యూటర్‌లో ఇంకో ప్రోగ్రామ్ ఎక్కించి రావడం నాకిష్టముండదు.

అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే "ఫలానా ఫైల్ దొరకలేదు" అని మొండికేసే ప్రోగ్రామ్‌లుంటాయి. ఎవరో ముందే ఫోల్డర్‌ని చేత్తో డిలీట్ చేసి ఉంటారు, దాంతోపాటు అన్‌ఇన్‌స్టాలర్ కూడా పోయి ఉంటుంది, జాబితాలో పేరు మాత్రం దెయ్యంలా మిగులుతుంది. అలాంటివాటికి గీక్‌లో ఫోర్స్ రిమూవల్ ఉంది. అదే రైట్ క్లిక్ మెనూలో ఆ ప్రోగ్రామ్ ఫోల్డర్‌ని తెరవడం, రిజిస్ట్రీలో దాని ఎంట్రీ దగ్గరికి నేరుగా వెళ్ళడం, దాని పేరుతో నెట్‌లో వెతకడం కూడా ఉంటాయి. ముఖ్యంగా ఈ చివరిది వాడండి. పేరు విని గుర్తుపట్టలేనిదాన్ని తీసేసేముందు అదేంటో తెలుసుకోవడం మంచిది కదా.

ఫోర్స్ రిమూవల్ మొదటి మందు కాదు, చివరి మందు. సొంత అన్‌ఇన్‌స్టాలర్ పనిచేస్తున్నంతవరకు దాన్నే వాడాలి. డబ్బు కట్టి కొన్న కొన్ని ప్రోగ్రామ్‌లు లైసెన్స్‌ని ఇన్ని కంప్యూటర్లకని లెక్కపెడతాయి. ముందు డీయాక్టివేట్ చేయకుండా బలవంతంగా పీకేస్తే ఆ లెక్కలో ఒకటి మీరు పోగొట్టుకున్నట్టే.

గీక్ స్కాన్ రెవో అంత లోతుగా వెళ్ళదు. నా దృష్టిలో అది లోపం కాదు. తక్కువ చూపిస్తుంది, చూపించిన వాటిలో అనుమానించాల్సినవీ తక్కువే.

బల్క్ క్రాప్ అన్‌ఇన్‌స్టాలర్: గుంపుగా వదిలించుకోవాలంటే

పేరు మొరటుగా ఉన్నా పని పద్ధతిగా చేస్తుంది. అందరూ బీసీయూ అంటారు. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ బయటే ఉంటుంది), అపాచీ లైసెన్స్, ఆఫీసులో వాడినా డబ్బు కట్టక్కర్లేదు. ప్రకటనలు లేవు, ప్రో వెర్షన్ కొనమని గొడవ లేదు.

కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు దాంతోపాటు అడగని ప్రోగ్రామ్‌లు పాతిక వస్తాయి. పాత కంప్యూటర్‌ని పిల్లలకి ఇవ్వాలనుకుంటే ఏళ్ళ తరబడి పేరుకున్నవి ఇంకో నలభై. ఒక్కోదానికి "నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్" కొట్టుకుంటూ పోతే సాయంత్రమైపోతుంది. బీసీయూలో తీసేయాల్సినవన్నీ టిక్ చేసి క్వయట్ అన్‌ఇన్‌స్టాల్ అంటే, వీలున్నవాటిని ప్రశ్నలేమీ అడగకుండా వరసగా తీసేస్తుంది. ఎంఎస్ఐ, ఇనో సెటప్, ఎన్ఎస్ఐఎస్ లాంటి బాగా వాడుకలో ఉన్న ఇన్‌స్టాలర్లతో వచ్చిన ప్రోగ్రామ్‌లకి ఈ మౌనవ్రతం ఎలా పట్టించాలో దానికి తెలుసు.

ఇది వెతికే చోట్లు కూడా ఎక్కువ. మామూలు ప్రోగ్రామ్‌లు, స్టోర్ యాప్‌లే కాదు, స్టీమ్‌లో ఎక్కించిన గేమ్‌లు, చాకొలేటీ, స్కూప్ అనే, కమాండ్లతో ప్రోగ్రామ్‌లు ఎక్కించే టూల్స్ ద్వారా వచ్చినవి కూడా చూపిస్తుంది. ఏ జాబితాలోనూ లేకుండా డిస్క్‌లో అనాథగా పడి ఉన్న ప్రోగ్రామ్‌లనీ పట్టుకొస్తుంది. ఉచిత రెవో చేతులెత్తేసే చోటు ఇదే అని చెప్పాను కదా, అక్కడ బీసీయూ అక్కరకొస్తుంది.

మిగిలిపోయిన ముక్కల జాబితాలో ఒక్కోదాని పక్కన అది ఆ ప్రోగ్రామ్‌దే అనడానికి ఎంత నమ్మకముందో రాసి చూపిస్తుంది: వెరీ గుడ్, గుడ్, క్వశ్చనబుల్, బ్యాడ్ ఇలా. తన ఊహని ఊహ అని ఒప్పుకునే టూల్ కాబట్టి దీనికి నా ఓటు. వెరీ గుడ్ అన్నవి తీసేయండి. గుడ్ అన్నవి ఒకసారి దారి చదివి తీసేయండి. మిగతావాటి జోలికి పోకండి. అవి ఉండిపోతే కొంపలేం మునగవు.

చిక్కేంటంటే, మొదటిసారి తెరిచేవాళ్ళకి ఇది విమానం కాక్‌పిట్‌లా కనబడుతుంది. రంగులు, గడులు, ఫిల్టర్లు, కింద ఏ ప్రోగ్రామ్ ఎంత జాగా తింటోందో చూపే బొమ్మ. తెరుచుకోగానే మొత్తం గాలించడానికి టైమ్ తీసుకుంటుంది. ఒక్క ప్రోగ్రామ్ తీసేయడానికి ఇంత హంగామా ఎందుకనిపిస్తే మీరనుకున్నది నిజమే, ఆ పని గీక్‌తో కానివ్వండి.

గుంపుగా టిక్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. జాబితాలో "మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్" అని ఐదారు వరసలు, పక్కన ఏవేవో సంవత్సరాలతో కనబడతాయి. ఒకటే ఇన్నిసార్లు ఎందుకని చాలామంది చేయి దురద తీర్చుకుంటారు. వేరే ప్రోగ్రామ్‌లు నడవడానికి కావలసిన ఫైళ్ళు అందులో ఉంటాయి. తీసేశాక ఏదో గేమ్ తెరిస్తే "వీసీరన్‌టైమ్140 డీఎల్ఎల్ దొరకలేదు" అని వస్తుంది. ఆ గేమ్‌ని పదిసార్లు తిట్టుకున్నాక గానీ అసలు కారణం వెలగదు.

మిగతావి

హైబిట్ అన్‌ఇన్‌స్టాలర్ పూర్తిగా ఉచితం, పోర్టబుల్‌గానూ దొరుకుతుంది. రెవో ప్రోకి డబ్బు కట్టి తెచ్చుకునే ఇన్‌స్టాల్ మానిటర్ ఇందులో ఊరికే వస్తుంది. ఈ మానిటర్ పద్ధతి వేరు. ప్రోగ్రామ్ ఎక్కుతున్నప్పుడే ఏ ఫైల్ ఎక్కడ పెట్టింది, రిజిస్ట్రీలో ఏం రాసింది అని లెక్క రాసుకుంటుంది కాబట్టి తీసేసేటప్పుడు ఊహించే పని తగ్గుతుంది. అయితే ఎక్కించడానికి ముందే ఆన్ చేసి ఉండాలి. కొత్త కొత్త సాఫ్ట్‌వేర్‌లు ఎక్కించి చూసి తీసేసే అలవాటున్నవాళ్ళకి హైబిట్ నచ్చుతుంది. రిజిస్ట్రీ క్లీనర్‌తో సహా ఇంకా చాలా పరికరాలు అందులో కుక్కేశారు, వాటిని చూడనట్టు వదిలేయండి.

వైజ్ ప్రోగ్రామ్ అన్‌ఇన్‌స్టాలర్ తేలిగ్గా, సూటిగా ఉంటుంది. ఫోర్స్‌డ్ అన్‌ఇన్‌స్టాల్ ఉచితంగానే ఉంది. గీక్ ఉన్నవాళ్ళకి ఇది అదనంగా ఇచ్చేది పెద్దగా లేదు.

ఐఓబిట్ అన్‌ఇన్‌స్టాలర్‌కి పేరు ఎక్కువ. ఒకేసారి చాలా ప్రోగ్రామ్‌లు తీసేయడం, బ్రౌజర్ ప్లగిన్‌లు, ఇన్‌స్టాల్ మానిటర్, అన్నీ ఉచితంలోనే ఇస్తుంది, చూడ్డానికి కూడా బాగుంటుంది. నేను మాత్రం ఎవరికీ చెప్పను. ఎక్కించేటప్పుడూ, వాడేటప్పుడూ అదే కంపెనీ ఇంకో టూల్, ప్రో వెర్షన్ అంటూ ఏదో ఒకటి చూపిస్తుంది. అడగనివి వదిలించుకోవడానికి తెచ్చుకున్న మనిషి మళ్ళీ "నో థాంక్స్" ఎక్కడుందా అని వెతుక్కోవడమేంటి? మీకు ఆ చిరాకు లేకపోతే పనితనానికి వంక పెట్టలేం.

సీక్లీనర్‌లో కూడా అన్‌ఇన్‌స్టాల్ విభాగం ఉంది కానీ అది ఎక్కువగా విండోస్ జాబితానే ఇంకోచోట చూపించడం లాంటిది. దాని పేరెత్తితే 2017 గుర్తుకొస్తుంది. ఆ ఏడాది దాడి చేసినవాళ్ళు సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకే మాల్వేర్ చొప్పించారు. అసలైన సైట్ నుంచి, అసలైన డిజిటల్ సంతకంతో, దాదాపు 22 లక్షల 70 వేల కంప్యూటర్లకి అది చేరింది. కంచే చేను మేసిన కథ. ఆ తర్వాత దాన్ని సరిచేశారు. అయినా ఆ ఉదంతం నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను: అడ్మిన్ హక్కులతో నడిచే ఇలాంటి టూల్ ఏదైనా సరే, పని ఉన్నప్పుడు తెరవాలి, పని అయ్యాక మూసేయాలి. స్టార్టప్‌లో కూర్చుని రోజంతా కాపలా కాస్తానంటే వద్దనాలి. పోర్టబుల్ కాపీలంటే నాకు మోజు అందుకే.

డౌన్‌లోడ్ కూడా ఆ టూల్ సొంత సైట్ నుంచే చేసుకోండి. పేరు కొట్టి వెతికితే ముందు వచ్చేవి ప్రకటనలు, ఆ తర్వాత పచ్చటి పెద్ద డౌన్‌లోడ్ బటన్లతో వేరేవాళ్ళ సైట్లు. ఫైల్ దిగాక దాని ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూసి సంతకం ఎవరిదో సరిపోల్చుకోవడానికి అర నిమిషం కూడా పట్టదు. అది ఒక్కటే చాలదని పైన చెప్పిన కథే సాక్ష్యం, కానీ నకిలీల్లో చాలావాటిని అక్కడే పట్టుకోవచ్చు.

ఈ టూల్స్‌తో తీయకూడనివి

యాంటీవైరస్. తనని ఎవరూ తీసేయకుండా కాపాడుకోవడమే దాని పనిలో భాగం కాబట్టి, మామూలు అన్‌ఇన్‌స్టాలర్ సగం పీకి వదిలేస్తే ఇంటర్నెట్ ఆగిపోవడం దాకా వెళ్తుంది. మెకాఫీ, నార్టన్, అవాస్ట్, కాస్పర్‌స్కీ, ఈసెట్ కంపెనీలు తమవాటిని తీసేయడానికి తామే ఉచిత రిమూవల్ టూల్స్ ఇస్తున్నాయి. మామూలుగా పోనప్పుడు అవే వాడాలి. అవాస్ట్, ఈసెట్ టూల్స్‌ని సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైనవి మాత్రమే లోడ్ అయ్యేలా విండోస్‌ని తెరిచి) నడపాలి.

గ్రాఫిక్స్ డ్రైవర్. దీనికి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, అంటే డీడీయూ, వేరేగా ఉంది. ఎన్‌విడియా, ఏఎండీ, ఇంటెల్ మూడింటికీ పనికొస్తుంది. ముందు ఇంటర్నెట్ ఆపేయాలి, లేకపోతే మీరు తీస్తుండగానే విండోస్ తనంతట తాను ఇంకో డ్రైవర్ ఎక్కించేస్తుంది. తర్వాత సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి నడపాలి. కార్డు మార్చినప్పుడో, స్క్రీన్ పిచ్చిపిచ్చిగా వస్తున్నప్పుడో తప్ప మామూలు డ్రైవర్ అప్‌డేట్‌కి ఇంత అవసరం లేదు.

అడోబీ ప్రోగ్రామ్‌లు చిక్కుపడితే వాళ్ళదే క్రియేటివ్ క్లౌడ్ క్లీనర్ టూల్ ఉంది. ఇక ఎంఎస్ఐ ప్యాకేజీగా వచ్చిన ప్రోగ్రామ్ "అసలు ఇన్‌స్టాలర్ ఫైల్ ఎక్కడ?" అని అడుగుతూ పోనంటే, మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్‌ని ముందు ప్రయత్నించండి. విండోస్ ఫోల్డర్ లోపల దాగి ఉండే ఇన్‌స్టాలర్ అనే ఫోల్డర్ గిగాబైట్ల కొద్దీ ఉంటుంది. అది చూసి చెత్త అనుకుని ఎవరైనా ఖాళీ చేస్తే వచ్చే రోగాల్లో ఇదొకటి.

మొదలుపెట్టే ముందు మూడు పనులు. ప్రోగ్రామ్‌లో మీ డేటా ఏదైనా ఉంటే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. గడియారం పక్కన దాని బొమ్మ ఉంటే రైట్ క్లిక్ చేసి ఎగ్జిట్ కొట్టండి. సిస్టమ్ ప్రొటెక్షన్ (విండోస్‌లో రిస్టోర్ పాయింట్లు పెట్టే సౌకర్యం) ఆన్‌లో ఉందో లేదో చూడండి, కొన్ని కంప్యూటర్లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది, అప్పుడు టూల్ పెట్టానన్న రిస్టోర్ పాయింట్ ఉండదు. ఉన్నా అది రిజిస్ట్రీని, సిస్టమ్ ఫైళ్ళని వెనక్కి తెస్తుంది, మీరు డిలీట్ చేసిన డాక్యుమెంట్లని తేదు. పైగా విండోస్ మామూలుగా ప్రోగ్రామ్‌ల ద్వారా 24 గంటల్లో ఒక్క పాయింటే పెట్టనిస్తుంది. ఒకే రోజు నాలుగు తీసేసి నాలుగు పాయింట్లు ఉన్నాయనుకోకండి.

విండోస్ కాకపోతే

మ్యాక్‌లో యాప్‌ని ట్రాష్‌లో పడేస్తే యాప్ పోతుంది, లైబ్రరీ ఫోల్డర్‌లో దాని సెట్టింగ్స్, క్యాష్ ఉండిపోతాయి. యాప్‌క్లీనర్ అనే చిన్న ఉచిత టూల్ కిటికీ మీదికి యాప్‌ని లాగి వదిలితే తాలూకు ఫైళ్ళన్నీ పక్కన చూపిస్తుంది. ఏళ్ళుగా ఉంది, పని అంతే, గోల లేదు. పియర్‌క్లీనర్ దానికన్నా కొత్తది, కోడ్ బయట చూసుకోవచ్చు, ఎప్పుడో తీసేసిన యాప్‌ల అనాథ ఫైళ్ళనీ వెతుకుతుంది. ఒకటి రెండు యాప్‌ల పనైతే యాప్‌క్లీనర్, పాత మ్యాక్‌ని తుడవాలంటే పియర్‌క్లీనర్. వీపీఎన్, యాంటీవైరస్ లాంటివి సొంత అన్‌ఇన్‌స్టాలర్ ఇస్తే ఇక్కడా దాన్నే వాడాలి.

లినక్స్‌లో టూల్ వెతుక్కునే పనే లేదు, ప్రోగ్రామ్‌లని ఎక్కించి తీసేసే ప్యాకేజీ మేనేజరే చూసుకుంటుంది. ఉబుంటు, డెబియన్‌లలో ఆప్ట్ అనే ప్యాకేజీ మేనేజర్‌కి రిమూవ్ అంటే సిస్టమ్‌లోని కాన్ఫిగరేషన్ ఫైళ్ళు ఉంటాయి, పర్జ్ అంటే అవీ పోతాయి. మీ హోమ్ ఫోల్డర్‌లో ఉన్నవాటిని రెండూ ముట్టుకోవు. స్నాప్ (ఉబుంటులో ప్రోగ్రామ్‌లు వచ్చే ఇంకో రకం ప్యాకేజీ) తీసేస్తే దాని డేటాని ఒక స్నాప్‌షాట్‌గా 31 రోజులు దాచిపెడుతుంది, జాగా వెంటనే కావాలంటే అక్కడా పర్జ్ అనాలి.

ఇక చివరికి అందరూ మర్చిపోయే సంగతి: పని అయ్యాక ఈ అన్‌ఇన్‌స్టాలర్‌ని తీసేయడమెలా? గీక్ అయితే ఆ ఒక్క ఫైల్‌ని డిలీట్ చేయడమే. రెవో, బీసీయూ, హైబిట్‌ల పోర్టబుల్ కాపీలైతే ఫోల్డర్ డిలీట్. సెటప్ నడిపి ఎక్కించినవాటిని మాత్రం సెట్టింగ్స్‌కి వెళ్ళి అందరిలాగే అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ఒకసారి సరదాకి అలా ఎక్కించిన ఒకదాన్ని తీసేసి, వెంటనే గీక్ వెతికే చోట్లన్నీ చేత్తో గాలించాను. యాప్‌డేటాలో దాని పేరుతో ఒక ఫోల్డర్ చక్కగా కూర్చుని ఉంది.